చివరిసారి ఎప్పుడు తిన్నారు

తినలేదని నేను అనలేదు, అంతవరకూ నిజం. నా నోటితో నేననలేదు, అన్నది మా ఆవిడ. నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చి "చివరిసారి ఎప్పుడు తిన్నారండీ" అని అడిగింది నన్నే. నేను నోరు తెరిచేలోపు నా తల దగ్గర నిలబడ్డ మా ఆవిడ అందుకుంది. "ఆయన ఉపవాసంలో ఉన్నారమ్మా. నలభై రోజులు అనుకున్నారు, ఇవాళ్టికి ఇరవై రెండు. సాయంత్రం ఆరు దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు." ఎంత నెమ్మదిగా చెప్పినా ఆ గొంతులో గర్వం దాగలేదు. "అయితే మంచిదే లెండి, మాకూ పని తేలిక" అని నర్సు కాగితం మీద టిక్కు పెట్టింది. ఆ కలం చప్పుడు నాకు వినపడింది. అప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకున్నవాణ్ణి చూస్తే జనం ప్రార్థనలో ఉన్నాడనుకుంటారు, ఈ సంగతి నాకు పన్నెండో ఏట నుంచీ తెలుసు, ఆదివారం బడిలో కునుకు తీసి కూడా మంచి పిల్లాడినని పేరు తెచ్చుకున్నవాణ్ణి నేను. మా ఆవిడను బయటికి పంపేశారు, నన్ను ఈ గదిలోకి తోసుకొచ్చారు, కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గోడ గడియారం. నాలుగూ పది. ఐదింటికి అపెండిక్స్ ఆపరేషన్.

రెండు ఉడకబెట్టిన గుడ్లు, నాలుగు రొట్టె ముక్కలు, ఒక అరటిపండు. మధ్యాహ్నం ఒంటిగంటకి. లెక్క వేసుకుంటే మూడు గంటల పది నిమిషాలైంది, అందులో చివరి రెండు గంటలూ కడుపులో కుడిపక్క కింద ఎవరో స్క్రూ బిగిస్తున్నట్టు నొప్పి, అలాంటి కడుపులో తిన్నది అరుగుతుందా, అక్కడే కూర్చుంటుందా, ఎవరిని అడగను. అరిగిపోయే ఉంటుందిలే. గుడ్డు త్వరగా అరగదంటారు. ఎవరన్నారు? ఎవరో అన్నారు. పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు పది నిమిషాల కిందటి దాకా, మోకాలి ఆపరేషన్‌కి వచ్చాడు, నర్సు ఇదే ప్రశ్న ఆయన్నీ అడిగింది. ఆయన ఏ మాత్రం తడుముకోకుండా "పొద్దున్నుంచీ మాడ్చేశారు కదమ్మా, బాత్రూంకి వెళ్ళినప్పుడు రెండు బిస్కెట్లు తిన్నాను" అన్నాడు. నర్సుకి ఒళ్ళు మండింది. "తాతగారూ, మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్నుకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం పోతుంది తెలుసా, రేపటికి పెడతాం పదండి" అని గట్టిగానే అంది. ఆయన నవ్వాడు. "ఆకలేసింది, తిన్నాను. రేపే చేద్దువు, ఇవాళ చెయ్యకపోతే మోకాలు ఎక్కడికి పారిపోతుంది" అన్నాడు. మంచం కదులుతుంటే నా వైపు తిరిగి "నువ్వేమన్నా తిన్నావా బాబూ" అని కూడా అడిగాడు, మాట వరసకే. నేను తల అడ్డంగా ఊపాను. ఇందాక మా ఆవిడ చెప్పింది నా లెక్కలో పడదనుకున్నా, ఈ తల ఊపింది ఎవరు? ముక్కూ మొహం తెలియని ముసలాయనకి, ఏ లాభమూ లేకుండా అబద్ధం ఆడాను. అలవాటైపోయింది, అంతే.

లిఫ్టు వస్తోంది. నాకోసమే కాబోలు. కాదు, కింద అంతస్తులోనే ఆగింది. ఈ ఆసుపత్రి లిఫ్టు నాకు తెలుసు, మా కంపెనీదే, రెండు నెలలకోసారి నేనే వచ్చి చూస్తాను, ఎడమ పక్క పట్టా రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, నూనె పెట్టాలి, పోయినసారే పెట్టవలసింది. మా చర్చి సంఘంలో నన్ను లిఫ్టన్న అంటారు, అసలు పేరు పిల్లలకి తెలియదు కూడా. లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకుంటేనే మోటారుకి కరెంటు అందుతుంది, మూసుకుందని చెప్పడానికి తలుపు దగ్గర చిన్న మీట ఉంటుంది. రిపేరు చేసేటప్పుడు ఒక్కోసారి ఆ మీటను దాటించి తీగ ముక్క వేస్తాం, అప్పుడు తలుపు బార్లా తెరిచి ఉన్నా మూసుకుందనుకుని లిఫ్టు నడుస్తుంది. పని కాగానే తీగ తీసెయ్యాలి, మర్చిపోతే ఎవరో ఒకరు ధీమాగా ఖాళీలోకి అడుగు పెడతారు. పోయినేడాది నా కింద మెకానిక్ ఒకతను మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోతే నలుగురి ముందూ వాణ్ణి కడిగేశాను, మనిషి ప్రాణమంటే నీకు ఆటగా ఉందా అన్నాను. నర్సు కాగితం మీద ఆ టిక్కు కూడా అలాంటి తీగ ముక్కే. దాన్ని చూసి డాక్టరు ధీమాగా మత్తు ఇస్తారు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, పడేదీ నేనే. నాలుగూ పద్దెనిమిది.

నలభై రోజులని ఎవడు అనమన్నాడు నన్ను. ఆ ఆదివారం పాస్టరు అయ్యగారు అడిగింది చాలా చిన్న మాట. పాటల బృందానికీ పెద్దలకీ మైకు దగ్గర మొదలైన తగాదా ముదిరి, ఇరువైపులా వందనాలు చెప్పుకోవడం మానేసిన రోజులవి, సంఘంలో శాంతి సమాధానాల కోసం ఎవరైనా ఉపవాసం ఉండగలరా అని ఆయన అడిగారు. ఒకరు ఒకరోజు అన్నారు, ఒకరు మూడు రోజులన్నారు. ముందు వరసలో లెక్కల మాస్టారు గొంతు సవరించుకోవడం చూశాను. ఆయన గొంతు సవరించుకుంటే నాకు ఒంటికి కారం రాసినట్టు ఉంటుంది, ఆయన ప్రార్థన మొదలుపెడితే ముగిసేలోపు రెండు లిఫ్టులు బాగుచెయ్యొచ్చు, ఈ మనిషి వేషధారి అని నేను మా ఆవిడతో ఎన్నిసార్లు అన్నానో. ఆయన ఇరవై ఒకటి అంటాడని నాకు తెలిసిపోయింది. ఆయన లేచేలోపు నేను లేచి నలభై అన్నాను. గుడిలో ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ తర్వాత "స్తోత్రం" అని ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చిన ఆ గాలి, అబ్బ, అది ఒంటి మీద ఎంత చల్లగా తగిలిందో ఇప్పుడీ మంచం మీద కూడా గుర్తుంది. దేవుడు ఆ క్షణంలో ఎక్కడున్నాడో నేను చూడలేదు. మాస్టారి మొహం మాత్రం చూశాను. ఆ తర్వాత జరిగింది నేను అనుకోనిది. ఆడవాళ్ళ వైపు మా ఆవిడ లేచి నిలబడి "నేను కూడా" అంది. రెండే మాటలు, అని కూర్చుంది. దారిలో ఎందుకన్నావని అడిగితే "మీరొక్కరే పస్తుంటే నాకు ముద్ద దిగుతుందా" అంది.

మూడు రోజులు నిజంగా ఉన్నాను, ఎవరు నమ్మినా నమ్మకపోయినా. నాలుగో రోజు తొమ్మిదంతస్తుల భవనం మీద మోటారు గదిలో బ్రేకు విప్పి పని చేస్తుంటే కళ్ళు బైర్లు కమ్మాయి, చేతిలో రెంచి జారి లిఫ్టు దిగే షాఫ్టులో పడింది, కింద పడ్డ చప్పుడు రావడానికి ఎంతసేపు పట్టిందో. కింద మనిషి లేడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నేను తినడం తప్పు కాదు, ఏ దేవుడూ తప్పు అనడు, సాయంత్రం అయ్యగారికి చెబితే "పిచ్చివాడా, నీ పని అలాంటిది, తిను" అనేవారు, మాస్టారైనా అనేవాడు. కానీ ఆ ముందు రోజే ఇద్దరు ముగ్గురు "అన్నా, నీ ముఖంలో కళ వచ్చింది" అన్నారు. నలభై అన్నవాడు నాలుగుకే దిగిపోయాడని వాళ్ళతో ఎలా చెప్పను, ముఖం చెల్లుతుందా? కింద కొట్లో రొట్టె కొనుక్కుని మళ్ళీ పైకెక్కి మోటారు గది తలుపు వేసుకుని తిన్నాను. అక్కడికి ఎవరూ రారు, మోటారు మోత, గ్రీజు వాసన. ఆ మర్నాడు గుడ్లు కూడా తెచ్చుకున్నాను. తినడం సులువే, ఆ తర్వాతదే చాకిరీ. గుడ్డు వాసన పోవాలని చేతులు కిరోసిన్‌తో తుడుచుకునేవాణ్ణి, పెదాలు ఎండినట్టు కనపడాలని నీళ్ళు తాగి మూతి తుడిచేవాణ్ణి, గుడికి వెళ్ళే ముందు కాస్త ఒంగి నడిచేవాణ్ణి. ఉపవాసం ఉన్నవాడు తల దువ్వుకుని మొహం కడుక్కుని మామూలుగా తిరగాలి పిల్లలూ అని ఆదివారం బడిలో నేర్పేది కూడా నేనే. పద్నాలుగో రోజు గుడిలో సాక్ష్యం చెప్పమన్నారు, దేవుడు నాకు చేసిన మేలేమిటో అందరి ముందూ చెప్పాలి. లేచి "నాకు ఆకలే తెలియడం లేదు" అన్నాను. అందులో అబద్ధం ఏముంది, తెలియడం లేదు. ఆ రాత్రి ఆ మాట తలుచుకుని నాలో నేను నవ్వుకున్నాను కూడా, ఎంత తెలివిగా అన్నానని.

నాలుగూ ఇరవై తొమ్మిది. నాలుక పిడచకట్టుకుపోయింది, ఇవాళ నిజంగానే పెదాలు ఎండాయి. నర్సు రెండుసార్లు ఇటు వచ్చింది, సెలైన్ సీసా చూసింది, వెళ్ళింది. రెండుసార్లూ "అమ్మా" అని పిలిచాను, రెండోసారి "ఏం కావాలి" అని దగ్గరికొచ్చి ఒంగింది కూడా. దుప్పటి అన్నాను. దుప్పటి కప్పింది. ఇప్పుడు ఉక్కపోత ఒకటి. చెబితే ఏమవుతుంది? ఆపరేషన్ ఆపుతారు. ఆపితే బయట హాల్లో కూర్చున్నవాళ్ళు ఎందుకాపారని అడుగుతారు, వాళ్ళు పదకొండుమంది, ఇందాక మంచం తోసుకొస్తుంటే లెక్కపెట్టాను, లెక్కల మాస్టారు కూడా వచ్చాడు, ఆయన స్కూలు నుంచి అటే వచ్చినట్టున్నాడు, చొక్కా మీద సుద్ద పొడి. నర్సుని బతిమాలుకుని, మిషను ఏదో పాడైందని వాళ్ళకి చెప్పమంటే? ఛీ. నా అబద్ధం చాలక ఆ పిల్ల చేత కూడా ఆడిస్తానా? పోనీ డాక్టరుకి చీటీ రాసిస్తే? కలం అడగాలి, ఎందుకని అడుగుతారు. పోనీ ఏమీ కాదేమో, అందరికీ అవుతుందా, వందలో ఒకరికి అవుతుందేమో. వందలో ఒక లిఫ్టు తెగుతుందంటే నేను ఎక్కుతానా? ప్రార్థన చేసుకుందామని చూశాను. ప్రేమగల తండ్రీ, ఈ సాయంత్ర వేళ నీ దాసుడు, అని మొదలుపెట్టగానే అది నేను గుడిలో మైకు ముందు చేసే గొంతని నాకే వినపడింది, లోలోపల కూడా అదే గొంతు, అదే సాగదీత. వినేవాళ్ళు లేనప్పుడు నేను దేవుడితో ఏ గొంతుతో మాట్లాడతానో గుర్తు చేసుకుందామంటే గుర్తు రావడం లేదు. భయమేసింది. చావు భయం ఒక పక్క ఉండనే ఉంది, ఇది వేరే.

అసలు మా ఆవిడ సంగతి తలుచుకోకూడదని గంట నుంచీ తంటాలు పడుతున్నాను. ఆమె కుట్టు మిషన్ల గదిలో పనిచేస్తుంది, బడి పిల్లల యూనిఫారాలు కుడతారు, పొద్దస్తమానం తల ఒంచుకుని పని. పదకొండో రోజు మిషను మీద తూలింది, సూది వేలిగోరులో నుంచి దిగింది. పక్క మిషను అమ్మాయి ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టింది. నేను వెళ్ళేసరికి గుడ్డ చుట్టిన వేలు గుండె మీద పెట్టుకుని పడుకుని ఉంది. టైము ఐదున్నర. "ఇంకో అరగంటే కదండీ, ఆగుతాను" అంది. అప్పుడు నేనేమన్నాను? కడుపులో రెండు గుడ్లు పెట్టుకుని ఏమన్నాను? "దేవుడు బలమిస్తాడు, ఓపిక పట్టు" అన్నాను. మెత్తగానే అన్నాను, నుదుటి మీద చెయ్యేసి అన్నాను. ఆమె నమ్మింది. ఆరయ్యాక నీళ్ళు తెచ్చి నోటికి అందించాను, అందిస్తూ నేను కూడా దాహంతో ఉన్నవాడిలా గటగటా తాగి చూపించాను. మాస్టారు వేషధారి అని ఆమెతోనే అన్నవాణ్ణి. మాస్టారి ప్రార్థన పొడుగైతే ఎవరికి నష్టం, కాస్త కాళ్ళు లాగుతాయి. నేను ఒక మనిషిని పస్తు పెట్టాను. ఆపమని ఒక్క మాట అనలేకపోయాను. ఆమె ఆపితే "మరి మీరు" అని నా మొహం చూస్తుందని భయం. నాలుగూ నలభై.

తలుపు తెరుచుకుంది, ఈసారి నాకోసమే. నర్సు వెనకాల అయ్యగారు, ఆయన వెనకాల మా ఆవిడ. "రెండు నిమిషాలే, ప్రార్థన చేసుకుని వెళ్ళిపోవాలి, మత్తు డాక్టరుగారు వచ్చేస్తున్నారు" అంది నర్సు. మా ఆవిడ మంచం పక్క ఇనుప కమ్మీ పట్టుకుంది. నాకు ధైర్యం చెప్పడానికి అనుకున్నాను, కాదు, నిలబడలేక పట్టుకుంది. వేళ్ళు తెల్లగా ఉన్నాయి. మధ్యాహ్నం నుంచీ నాకోసం మెట్లెక్కి దిగి, స్కానింగుకీ మందులకీ తిరిగింది, ఇంకా ఆరు కాలేదు. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టారు, ఆయన చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. "ప్రభువా, నీ సేవకుడు సంఘ సమాధానం కోసం ఇరవై రెండు రోజులుగా ఆకలిదప్పులు ఓర్చుకుని నీ సన్నిధిలో ఉన్నాడు. ఆ సమర్పణను చూసి ఈ శరీరాన్ని కాపాడు" అన్నారు. నా మీద నిజమైన ప్రేమ ఆయనకి. మా ఆవిడ ఆమెన్ అంది. నర్సు కూడా అంది. నేను కూడా అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చాక, పైనున్న ట్యూబులైటు వైపు చూస్తూ పడుకున్నాను, ఇప్పుడే చచ్చిపోతే ఆఖరి మాట ఇదే అవుతుంది కదా అనుకున్నాను.

మత్తు డాక్టరు వచ్చింది. నడివయసు ఆవిడ, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఉంది, ఎవరినీ పట్టించుకోలేదు. అట్ట తీసి చూసింది, తిరగేసింది. "కాగితం మీదున్నది నేను నమ్మను, నా పేషెంటుని నేనే అడుగుతాను. చివరిసారి ఎప్పుడు తిన్నారు?" మా ఆవిడ నోరు తెరిచింది. డాక్టరు ఆమె వైపు చూడకుండానే చెయ్యి ఎత్తింది. "ఆయన్ని చెప్పనివ్వండి."

"మధ్యాహ్నం ఒంటిగంటకి" అన్నాను.

ప్రాణభయమో, కమ్మీ మీద ఆ తెల్లటి వేళ్ళో, ఏది నా చేత అనిపించిందో చెప్పలేను, రెండూ అనుకుంటాను. భయం లేదని అంటే అది ఇంకో అబద్ధం. "ఏం తిన్నారు" అంది. రెండు గుడ్లు, నాలుగు రొట్టె ముక్కలు, ఒక అరటిపండు. "పండు ఎంతుంటుంది" అని అడిగింది, చూపించాను. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు, నర్సు పెట్టిన టిక్కుని కొట్టేసి అంకెలు రాసుకుంది. "చెప్పి మంచి పని చేశారు. మందులు ఎక్కిస్తూ ఏడున్నర దాకా ఆగుదాం, నొప్పి పెరిగితే వెంటనే పిలవండి, అప్పుడు వేరే జాగ్రత్తలతో చేస్తాను" అంది, నర్సుని తీసుకుని వెళ్ళిపోయింది. అంతేనా? ఇంతసేపూ నా ప్రాణం తోడేసిన మాట ఆవిడకి కాగితం మీద ఒక అంకె.

అయ్యగారి చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది, తియ్యాలో ఉంచాలో ఆయనకి తెలియలేదు. చివరికి "బ్రదర్" అన్నారు, ఆగారు, "ఇప్పుడు నువ్వు చేసింది చిన్న పని కాదు. కోలుకున్నాక సంఘం ముందు చెప్పు, చాలామందికి కనువిప్పు అవుతుంది" అన్నారు. ఆయన అటు తిరిగి తలుపు దాకా కూడా వెళ్ళలేదు, నా బుర్రలో సాక్ష్యం తయారవడం మొదలైంది. మత్తు మందు సూది ముందు దేవుడు నన్ను నిలదీశాడు ప్రియులారా. బాగుంది. ఇక్కడ కాస్త ఆగాలి, ఆడవాళ్ళ వైపు చూడాలి. స్తోత్రం అంటారు, నలభై అన్నప్పటికంటే గట్టిగా అంటారు, మాస్టారి దగ్గర ఇలాంటిది ఒక్కటైనా ఉందా? ఒరేయ్, ఒరేయ్. నిజం చెప్పి ఇంకా రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే దానికి ఇస్త్రీ చేస్తున్నావా? నా మీద నాకే అసహ్యం వేసింది, కడుపులో స్క్రూ ఇంకో చుట్టు తిరిగింది, ఈ బుద్ధి ఏ డాక్టరూ కోసి తీసేది కాదని తెలుస్తూనే ఉంది. సంఘం ముందు చెప్పను. అడిగినవాళ్ళకి అడిగినంత చెబుతాను, మైకు లేకుండా. ఆ మాట మీద నిలబడతానా? తెలియదు, నన్ను నేను నమ్మను.

గదిలో మేమిద్దరమే మిగిలాం. మా ఆవిడ కమ్మీ వదల్లేదు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"నాలుగో రోజు నుంచి."

"ఎక్కడ తినేవారు?"

"మోటారు గదిలో. తలుపు వేసుకుని."

"రోజూ ఒక్కరే?"

"ఒక్కణ్ణే."

నా దుప్పటి చెమటకి తడిసిపోయిందని చూసి మెల్లగా తీసేసింది, మడత పెట్టి కాళ్ళ దగ్గర పెట్టింది. గుడ్డ కట్టు విప్పేసిన ఆ వేలి గోరు ఇంకా నల్లగానే ఉంది.

"నాకు చెబితే నేనే క్యారేజీ కట్టిచ్చేదాన్ని కదండీ" అంది. "నేనేమన్నా అనేదాన్నా?"

అనేది కాదు. ఆ సంగతి నాకు నాలుగో రోజు కూడా తెలుసు.